మార్తమ్మ పెద్దమ్మ అందుకునేదాకా

మొన్న ఆదివారం మా మందిరం ఆవరణలో కోతల పండుగకు యువకులు వరిగడ్డి తెచ్చి మంట వేశారు. తెల్లవారుజామున మంచు కురిసి డప్పుల తోలు మెత్తబడిందట. మంటకు దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా డప్పులను తిప్పుతూ వేళ్ళతో తట్టి చూస్తున్నారు. గడ్డి పొగలో కలిసి, కాగుతున్న తోలు వాసన నేను కూర్చున్న అరుగు దాకా వచ్చింది. ఎనభై దాటిన నా ముక్కు ఈ మధ్య కాఫీ వాసన కూడా సరిగ్గా పట్టడం లేదు. ఆ వాసనను మాత్రం వెంటనే పట్టింది. పట్టీ పట్టగానే అరవై ఏళ్ళు వెనక్కి, మక్తల్ దగ్గరి ఒక పల్లెకు, చేతిలో నల్ల గొడుగుతో నడిచి వస్తున్న ఒక బక్కపలచటి స్త్రీ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె పేరు మార్తమ్మ. ఆ పేటలో అందరికీ పెద్దమ్మ. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు బైబులమ్మ. ఇప్పటివాళ్ళు ఆమెను చూడలేదు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అరవైలు అప్పుడే మొదలయ్యాయి. ఉపాధ్యాయ శిక్షణ ముగించుకుని, ఇరవయ్యో ఏట, ఆ ఊరి చిన్న మిషను బడికి పంతులుగా వెళ్ళాను. నాకు కిరాయికి దొరికిన గది మార్తమ్మ ఇంటి గోడకు ఆనుకునే ఉండేది. ఆమె భర్త చాలా ఏళ్ళ కిందటే పోయాడు, పిల్లలు లేరు. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం, బాలింతల దగ్గర కూర్చోవడం, జ్వరాలతో ఉన్నవాళ్ళను దవాఖానకు నడిపించడం ఆమె పని. ఎండలో ఆ గొడుగు విప్పడం నేనెన్నడూ చూడలేదు. అడిగితే, "విప్పితె రంగు పోతది సారూ, కుక్కలకు భయం గూడ పోతది" అనేది.

ఆమెకు ఒక లోపం ఉండేది. లోపం అనడానికి ఇప్పుడు నాకు మనసొప్పదు కానీ, అప్పుడు మేమంతా అలాగే అనుకునేవాళ్ళం. ఆమెకు పాట రాదు. శ్రుతి ఒక దారిన పోతే ఆమె గొంతు చేనుకడ్డంగా పోయేది. పల్లవి అందరూ ఎత్తుకున్నాక అరతాళం ఆలస్యంగా అందుకునేది. పోనీ మెల్లగా పాడుతుందా అంటే, దేవుడు ఎక్కడో దూరాన చెలకలో ఉన్నట్టు, ఆయనకు వినబడాలన్నట్టు గొంతెత్తేది. పిల్లలు మూతికి చేతులడ్డం పెట్టుకుని నవ్వేవారు. పెద్దమ్మా, జర మెల్లగ అని ఎవరైనా అంటే, "ఇచ్చినోనికి లేని సిగ్గు నాకెందుకు? గీ గొంతు ఇచ్చింది ఆయననే గద, ఇననియ్యి" అనేది.

ఆ సంఘంలో పాట తెలిసినవాడు లాజరు. చెప్పులు కుట్టేవాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు కానీ రాయడం సాగేది కాదు. తోలు కోస్తూ, ఆరెతో రంధ్రాలు పొడుస్తూ మనసులోనే పాటలు కట్టేవాడు. బడి వదలగానే నేను నోటుబుక్కు తీసుకుని అతని పందిరి కిందికి వెళ్ళేవాణ్ణి. అతను చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. ప్రతి పాట చివరా ఒకటే ప్రశ్న. "బాగున్నదా సారు? అబద్దం చెప్పకు." బాగుంది అంటే నమ్మేవాడు కాదు. బాగాలేదు అంటే మూడు రోజులు తిండి సరిగ్గా తినేవాడు కాదు. పాట కట్టేవాళ్ళ గుండె ఎంత పలచనిదో నేను మొదట చూసింది అక్కడే.

అతని ఇంట్లో ఒక డప్పు ఉండేది. ఆ పేటలో తాతల కాలంలో డప్పు కొట్టడం ఒక వెట్టి. ఊళ్ళో ఎవరు చచ్చినా, అమ్మవారి జాతర వచ్చినా వీళ్ళే వెళ్ళి కొట్టాలి. బాప్తిస్మం తీసుకున్న రోజున పెద్దలంతా ఆ వెట్టి మాకొద్దని డప్పులు తెచ్చి కుప్పపోసి తగలబెట్టారట. లాజరు తండ్రి మాత్రం తన డప్పును జొన్నల గుమ్మిలో దాచిపెట్టాడు. చనిపోయేముందు కొడుక్కు చూపించాడు. ఆ సంగతి మార్తమ్మకు మొదటినుంచీ తెలుసు. ముప్పై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఒకసారి నేను అడిగితే, "మా నాయిన గూడ డప్పు కొట్టెటోడే. ఆయనది కాలవెట్టిన నాడు నేను చిన్నపిల్లను. తోలు కాలుతుంటె ఆయన అటు మొగం తిప్పుకున్నడు. ఒక్కటన్న మిగిలిందని లోపల సంతోషపడ్డ" అంది.

కోతల పండుగకు మా వైపు ఒక పద్ధతి ఉంది. పంట ఇంటికి చేరాక, ప్రతి ఇల్లూ తొలి ఫలం తలమీద పెట్టుకుని వచ్చి మందిరంలో ప్రార్థన బల్ల ముందు పెడుతుంది. జొన్న కంకులు, కందులు, గుమ్మడికాయలు. భూమి లేనివాళ్ళు చేతిపని తెస్తారు, నులక, చీపురు, గంప. ఒకసారి దేవుని దగ్గరికి తెచ్చినదాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి ఇంటికి తీసుకుపోకూడదు. లాజరు ప్రతి ఏడూ ఒక జత చెప్పులు తెచ్చేవాడు. ఆ ఏడు మార్తమ్మ అతనితో, "గీసారి చెప్పులొద్దు. పాట తే. డప్పు తోటి తే" అంది. లాజరు బిత్తరపోయాడు. పెద్దలను అడిగాడు. వాళ్ళు గొణిగి, తల గోక్కుని, సరేనన్నారు. నెల రోజులు కష్టపడి ఆ పాట కట్టాడు. పల్లవి ఇది:

మన్ను నీది, మబ్బు నీది, మొలక నీది తండ్రీ,
మోసుకొచ్చిన మోపు బరువే నాది గాద తండ్రీ.

పండుగనాడు పట్నం నుంచి మిషను పాదిరి, పెద్ద అయ్యగారు, వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. మా బడికి పలకలు, పుస్తకాలు ఇప్పించినవాడు. కానీ ఊరి సంగతులు ఆయనకు దూరం. అర్పణలన్నీ ముగిశాక లాజరు డప్పు భుజానికి తగిలించుకుని లేచాడు. కుడిచేతిలో పొట్టి కర్ర, ఎడమచేతి వేళ్ళ మధ్య సన్నటి పుల్ల. పల్లవి ఒకసారి పాడాడు. వెనక నుంచి మార్తమ్మ అరతాళం ఆలస్యంగా అందుకుంది. రెండోసారి ఎత్తుకోబోతుంటే అయ్యగారు చేయెత్తారు.

"ఆపు నాయనా. ఇది శవాల ముందు మోగే వాద్యం. దేవుని సన్నిధిలో దీనికి చోటు లేదు. ఆ మాటలు కూడా కాస్త మర్యాదగా ఉండాలి. ఇది అర్పణ కాదు, తీసుకువెళ్ళు."

పెద్దలు తలలు దించుకున్నారు. వెనక వరుసలో లాజరు మేనమామ, "చెప్పులు కుట్టెటోడు చెప్పులు తెస్తె అయిపోవు గద" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. లాజరు డప్పును బోర్లించి పట్టుకుని బయటికి నడిచాడు. అందరి అర్పణలూ బల్ల ముందే ఉన్నాయి. తెచ్చినదాన్ని తిరిగి ఇంటికి మోసుకుపోయినవాడు అతనొక్కడే. నేను కూర్చున్నచోటనే కూర్చున్నాను. లేవాల్సింది. లేవలేదు.

ఆ తర్వాత అతను పాట మాట ఎత్తలేదు. పందిరి కిందికి నేను వెళ్తే పని ఉన్నట్టు తల వంచుకునేవాడు. వారం రోజులు చూసి, ఇక నేనే ఏదో చెయ్యాలనుకున్నాను. చిన్నప్పటినుంచీ వాక్యంలో పెరిగినవాణ్ణి, ఆదివారం బడిలో బహుమానాలు తెచ్చుకున్నవాణ్ణి. నా దగ్గర ఉన్న మందు అదే. వెళ్ళి అతని ఎదురుగా కూర్చుని తలాంతుల ఉపమానం ఎత్తుకున్నాను. యజమాని ఇచ్చిన తలాంతును, అంటే డబ్బును, వాడకుండా భూమిలో పాతిపెట్టిన దాసుడి కథ. దేవుడిచ్చిన వరాన్ని దాచిపెడితే లెక్క అడుగుతాడని, ఆ దాసుణ్ణి బయటి చీకట్లోకి తోసేశారని గుర్తుంచుకోవాలని అరగంట చెప్పాను. చాలా బాగా చెప్పాననుకున్నాను.

లాజరు ఆరె కింద పెట్టాడు.

"అంటే అయ్యగారు లోపలినుంచి ఎల్లగొట్టిండు, నువ్వు బయటి చీకట్లకు తోస్తున్నవ్. అంతేగద సారు?"

అతను మళ్ళీ తోలు ముక్క అందుకున్నాడు.

"సోమారం మేస్త్రీ వస్తున్నడు. కృష్ణ మీద ఆనకట్ట పనికి మనుషులను తీస్కపోతడట. నేను గూడ పోతున్న. పోయేముందల గా డప్పు తోలు వార్లు కోసి పోత. గుంజకు కట్టుకోనీకన్న పనికొస్తది. ఇగ పాటల జోలికి నేను రాను, నీ పుస్తకం నువ్వు తీస్కపో."

నోటుబుక్కు నా ఒడిలో పెట్టాడు. అందులో ఇరవైరెండు పాటలు ఉన్నాయి. ఇరవై మూడోది సగంలో ఆగింది.

నేను నేరుగా మార్తమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె రొట్టె కాలుస్తోంది. జరిగింది చెప్పాను. నేను చెప్పిన ఉపమానం సంగతి వచ్చేసరికి రొట్టె తిప్పుతున్న చేయి ఆగింది.

"పొయ్యి చల్లారినోని ఇంటికి పోయి పరీక్ష పెట్టినవా సారూ?"

"వాక్యమే చెప్పాను పెద్దమ్మా."

"వాక్యమే. ఎవరికి ఏది చెప్పాల్నో గది గూడ వాక్యంలనే ఉన్నది. చదువుకున్నోనివి, నువ్వే చెప్పు. రేగుచెట్టు కింద కూసోని ఇగ నా పానం తీస్కో అన్న ప్రవక్త ఉన్నడు గద, ఆయనకు దేవుడు ముందుగాల ఏం పంపిండు? ప్రసంగమా?"

నేను ఆలోచించాను. "రొట్టె. నీళ్ళు."

"తిన్నంక?"

"మళ్ళీ పడుకున్నాడు."

"పండుకోనిచ్చిండు. ఇంకోసారి లేపి మల్ల తినవెట్టిండు. మాట ఎప్పుడొచ్చింది? ఎన్నో దినాలు నడిసి, కొండకాడికి పోయినంక. గది గూడ సన్నగ." రొట్టె తీసి నా ముందు పెట్టింది. "ముందు నువ్వు తిను. నీ మొగం గూడ గట్లనే ఉన్నది."

అది నేను వెయ్యిసార్లు చదివిన ఘట్టం. దేవుడు అలిసిపోయినవాడికి ముందు తిండి పెట్టాడన్న సంగతి నేనెప్పుడూ గమనించలేదు. నా కన్ను ఎప్పుడూ ఆ మెల్లని స్వరం మీదే ఉండేది, రొట్టె మీద నిలవలేదు.

మర్నాటి నుంచి ఆమె ఊళ్ళ తిరుగుడు మానేసింది. పొద్దున్నే జొన్న రొట్టె, పచ్చడి మూటగట్టుకుని లాజరు పందిరి కిందికి వెళ్ళి కూర్చునేది. చెప్పు తెగిందనేది. అతను కుట్టి ఇచ్చేవాడు. మర్నాడు రెండో చెప్పు. పాట గురించి, అయ్యగారి గురించి, ఆనకట్ట గురించి ఒక్క మాట లేదు. బడి వదలగానే నేనూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ మూడు రోజుల్లో తెలిసింది. ఏదో ఒక వచనం నాలుక చివరకి వచ్చేది. పెద్దమ్మ నా వైపు చూసేది, మింగేవాణ్ణి. ఒక రోజు లాజరు తనంతట తానే, "సారు, రొట్టె నువ్వు గూడ ఇంత తిను" అన్నాడు. అంతే. ఆ రోజుకు అది చాలు.

నాలుగో రోజు శనివారం. అకాల ముసురు పట్టింది. మార్తమ్మ పందిరి గుంజకు ఆనుకుని, తనలో తాను అనుకుంటున్నట్టుగా పాట మొదలుపెట్టింది. అదే పాట. మన్ను నీది, మబ్బు నీది. రాగం ఎటో పోయింది. మాటలు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు వచ్చాయి. లాజరు పళ్ళు బిగబట్టి తోలు కోస్తున్నాడు. ఆమె మళ్ళీ పాడింది. మూడోసారికి అతను తట్టుకోలేకపోయాడు.

"పెద్దమ్మా! గట్ల కాదే!"

"మరి ఎట్ల?"

"మబ్బు కాడ ఆగొద్దు. మొలక కాడ ఆగాలె."

"గదే గద నేను పాడుతున్న."

"నువ్వు పాడుతున్నది గది కాదు!" ఆరె పిడితో కింది చెక్క మీద తాళం వేసి చూపించాడు. ఆమె ఆ తాళానికి పాడింది, మళ్ళీ తప్పు. అతను మళ్ళీ వేశాడు. నాకు నవ్వు ఆగలేదు. లాజరు కూడా నవ్వాడు, పండుగ తర్వాత మొదటిసారి.

"చెక్క మీద నాకు సమజవ్వదు కొడుకా" అంది పెద్దమ్మ. "డప్పు మీద జూపియ్యి."

నవ్వు ఆగిపోయింది. అతను ఆరె పక్కన పెట్టాడు. లేచి లోపలికి వెళ్ళాడు. వార్లు కోస్తానన్న డప్పు ఇంకా కోయలేదు. తెచ్చి ఒక దెబ్బ వేశాడు. తడి గోడకు పేడ కొట్టినట్టు చప్పుడు.

"ఇగో, ఇది గూడ సచ్చింది. పలుకుతలేదు."

"ఇంకింత గట్టిగ కొట్టు" అన్నాను నేను.

లాజరు నా వైపు జాలిగా చూశాడు. "మెత్తవడ్డ తోలును గట్టిగ కొడితె పగులుతది సారు. కాగవెట్టాలె."

మార్తమ్మ నా వైపు చూడలేదు. ఆమె చూడకపోయినా నా చెవులు వేడెక్కాయి. తన మూట వెనక నుంచి పొడి గడ్డి తీసి ముందు పెట్టింది. పొద్దున ఆ ముసురులో, ఆ గొడుగు కింద తడవకుండా తెచ్చిన గడ్డి. ఆ గొడుగు విప్పి ఉండగా లాజరు ఇల్లాలు చూసిందట, నాతో తర్వాత ఆశ్చర్యంగా చెప్పింది.

పందిరి కిందనే చిన్న మంట వేశారు. డప్పు కాగుతుంటే పెద్దమ్మ అప్పుడు నోరు విప్పింది. "లాజరూ, పాట తెమ్మన్నది నేను. ఆనాడు అందరి ముందల లేచి మాట్లాడాల్సింది గూడ నేనే. మాట్లాడలే. గది నా తప్పు." నేనూ నా తప్పు చెప్పుకున్నాను, ఆ రోజు లేవనందుకూ, ఆ తర్వాత ఉపమానం చెప్పినందుకూ. లాజరు మంటలోకి చూస్తూ, "పోనియ్ సారు. పాతిపెట్టనీకె నాకు భూమెక్కడిది?" అన్నాడు. ముగ్గురం నవ్వాం. కంటినీళ్ళకు పొగ మీద నెపం పెట్టుకున్నాం.

"కానీ ఒక మాట" అంది పెద్దమ్మ. "నువ్వు కట్టేటప్పుడు ఇన్న, నీ రెండో చరణం నాకు నచ్చలే. పల్లవిల నువ్వున్నవ్. చరణంల అయ్యగారిని మెప్పించాల్నని పెద్ద పెద్ద మాటలు తెచ్చి పెట్టినవ్. అండ్ల నువ్వు లేవు."

నేను భయపడ్డాను. ఇప్పుడే లేచిన మనిషిని మళ్ళీ పడగొట్టిందనుకున్నాను. లాజరు మాత్రం డప్పును మంటకు దగ్గరగా తిప్పి, "నాకు గూడ గట్లనే అనిపిచ్చింది" అన్నాడు. ఆ రాత్రే కూర్చుని కొత్త చరణం కట్టాడట. తిండి పెట్టకుండా ఆ మాట అని ఉంటే అతను విరిగిపోయేవాడు. తిన్నవాడికి అదే మాట బలమైంది.

సోమవారం పొద్దున మేస్త్రీ లారీ బాట మీద ఆగింది. లాజరు ఆగలేదు, వెళ్ళాడు. ఇంట్లో గింజలు నిండుకున్నాయి, వెళ్ళక తప్పదు. కానీ మూట ఒక భుజాన, డప్పు ఒక భుజాన ఉంది. పంపడానికి పేటంతా వచ్చింది. ప్రార్థన అయ్యాక మార్తమ్మ తన భుజం మీది శాలువా తీసి బాట పక్క మట్టిలో పరిచింది.

"దేవుని కాడికి తెచ్చింది మల్ల ఇంటికి తీస్కపోవద్దు, లాజరూ. గది మన పద్దతి కాదు. ఇగో, ఇక్కడ పెట్టు."

సంఘ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈసారి నేను ముందుకు వచ్చి ఆ శాలువా పక్కన నిలబడ్డాను. లాజరు పాట ఎత్తుకున్నాడు. పొద్దున్నే కాచిన డప్పు చెలకల మీదుగా ఖంగుమని పలికింది. మన్ను నీది, మబ్బు నీది. పల్లవి చివర అతను ఆగాడు. ఎందుకు ఆగాడో నాకు అర్థమయ్యేలోగా మార్తమ్మ అందుకుంది. ఆమె ఆలస్యాన్ని అతను పాటలో కలిపేసుకున్నాడు. మేనమామ కూడా పాడాడు. పాట అయ్యాక లాజరు వంగి, రెండు కర్రలనూ ఆ శాలువా మీద పెట్టాడు. మేస్త్రీ తొందరపెడుతుంటే పెద్దమ్మే వాటిని తీసి అతని చేతిలో పెట్టింది. "ఇయ్యి ఇప్పుడు నీయి కావు. ఆయనయి. పైలంగ వాడు" అంది.

ఆనకట్ట దగ్గర, రాళ్ళు మోసే గుంపుల మధ్య లాజరు ఎన్నో పాటలు కట్టాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా నా నోటుబుక్కు నిండేది. మందిరం లోపలికి డప్పు రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. అది చూడకుండానే, ఆ దశాబ్దం ముగిసేలోపు, పెద్దమ్మ జ్వరంతో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. చివరి రోజుల్లో లాజరుకు కబురు పెట్టింది. "శవాల ముందల మోగేది అన్నరు గద. నా ముందల మోగనియ్యి. గుంత దాక నాతోటి నడువు."

లాజరు నడిచాడు. మండుటెండలో డప్పు కాచే పని లేకపోయింది. గుంత దగ్గర ఆ పాట ఎత్తుకుని పల్లవి ముగించి, అలవాటుగా ఆగాడు. అరతాళం. ఎవరూ అందుకోలేదు. మేమంతా ఆమె గొంతు కోసం చూస్తున్నట్టు నిలబడిపోయాం. ఆ కాస్త ఖాళీలో నాకు వినబడినంత స్పష్టంగా ఆమె గొంతు ఆమె బతికుండగా కూడా వినబడలేదు. అప్పుడు లాజరు కర్ర మళ్ళీ పడింది.

నా జీవితంలో ఆ తర్వాత బొమ్మలు వేసే మిత్రులు, నాటకాలు ఆడేవాళ్ళు, కథలు రాసి చింపేసుకునేవాళ్ళు ఎందరో కలిశారు. ఇక నావల్ల కాదని వాళ్ళు తలుపు మూసుకున్నప్పుడల్లా నేను వెళ్ళాను. మా ఇంటావిడ కట్టి ఇచ్చిన టిఫిను డబ్బా తీసుకుని, నాలుక మీది వచనాన్ని దిగమింగుకుని వెళ్ళాను. తిన్నాక కూర్చున్నాను. అడిగితే నిజం చెప్పాను, అడగకపోతే మళ్ళీ మర్నాడు వెళ్ళాను. అందరూ లేవలేదు. లేచినవాళ్ళు కొందరున్నారు. లాజరు పోయి పదేళ్ళయింది.

మొన్న ఆదివారం డప్పులు కాగాయి. పిల్లలు ఆ పాటే ఎత్తుకున్నారు. ఎవరు కట్టారో వాళ్ళకు తెలియదు, ఈ వైపు పల్లెల్లో అది అందరి పాటైపోయింది. పల్లవి ముగిసింది, సంఘమంతా ఒక్కసారిగా అందుకుంది. నేను అరతాళం ఆగి అందుకున్నాను. పక్కనున్న కుర్రవాడు తిరిగి చూసి, తాతకు తాళం తెలియదనుకుని చిన్నగా నవ్వాడు. నవ్వనీ అనుకున్నాను. ఇంకాస్త గొంతెత్తి పాడాను.